కాలువగట్టు మనిషికి ఎడారి పుస్తకం: ఏది ఎంచుకోవాలి?

రాజస్థాన్ వెళ్లొచ్చినవాళ్లను ఎలా ఉందని అడిగితే మా కోనసీమలో తరచుగా వినబడే జవాబు ఇది: "కోటలు బాగున్నాయి. ఎడారిలో ఏముంది, ఇసుకే కదా!" ఇంటి ముందు కాలువ, పెరట్లో కొబ్బరి, దాని వెనక వరిచేలు ఉన్నచోట పెరిగిన కంటికి ఎడారిలో లేనివే ముందు కనబడతాయి. చెట్టు లేదు, నీళ్లు లేవు, నీడ లేదు. ఒంటె ఎక్కి దిగి, పొద్దు గుంకేవేళ నాలుగు ఫోటోలు తీసుకుని తిరిగొస్తారు. రాజమండ్రి నుంచి రోజున్నరకు పైగా రైళ్లలో కూర్చుని వెళ్లింది ఆ నాలుగు ఫోటోల కోసమేనా అంటే సమాధానం ఉండదు.

బయలుదేరే ముందు ఒక మంచి పుస్తకం చదివితే ఈ లోటు చాలావరకు తీరుతుంది. ఏ పుస్తకమన్న దగ్గరే చిక్కు. వెతికితే కుప్పలుగా పేర్లు వస్తాయి: కోటల చరిత్రలు, ఒంటెల మీద తిరిగిన దొరల యాత్రలు, గల్ఫ్ నవలలు, గైడు పుస్తకాలు. మంచివే, కానీ అన్నీ అందరికీ కావు. నా మొగ్గు ఎటో ముందే చెబుతాను. డెల్టా నుంచి వెళ్లే మనిషి మొట్టమొదట చదవాల్సింది ఎడారివాళ్లు నీళ్లు ఎలా సంపాదించుకున్నారో చెప్పే పుస్తకం. నీటి సంగతి మనకు పుట్టుకతో తెలుసు కాబట్టి ఆ దారిన వెళితే ఎడారి తొందరగా అర్థమవుతుంది. ఒప్పుకోనివాళ్లకు వేరే దారులూ ఉన్నాయి, వాటి బాగోగులూ చెబుతాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీరు వెళ్లేది ఏ ఎడారికి? థార్ ఎడారిలో జనం దండిగా ఉంటారు. ఊళ్లు, సంతలు, పంటలు, జాతరలు అన్నీ ఉన్నాయి. అరేబియాలోని రుబ్ అల్ ఖాలీలో వందల కిలోమీటర్లు ఇసుకదిబ్బలు తప్ప ఊరు తగలదు. కచ్ రణ్‌లో ఇసుక కాదు, ఉప్పు. లద్దాఖ్ చలి ఎడారి. ఒకదాని పుస్తకం చదివి మరొకదానికి వెళితే పెద్దగా కలిసిరాదు.

రెండోది, చెబుతున్నది ఎవరు? ఎడారిలో పుట్టినవాడికీ దాన్ని దాటడానికి వచ్చినవాడికీ కనబడేవి వేరు. దాటడానికి వచ్చినవాడు దాహం గురించి బాగా రాస్తాడు. అక్కడే ఉండేవాడు దాహం వేయకుండా ఏం చేయాలో రాస్తాడు. రెండూ చదవదగ్గవే, కానీ సెలవులకు వెళ్లే మనలో చాలామంది తెలియకుండానే మొదటి రకాన్నే కొంటారు. అట్టమీద బొమ్మ బాగుంటుంది మరి.

మూడోది భాష. ఎడారి గురించి తెలుగులో దొరికేవి తక్కువ. హిందీని పదో తరగతితో వదిలేసినవాళ్లు ఇంగ్లీషు అనువాదాల మీద ఆధారపడాలి. ఇంగ్లీషు నవల చదవడం కష్టమనుకునేవాళ్లు చిన్న పుస్తకంతో మొదలుపెట్టడం మేలు, లేకపోతే యాభయ్యో పేజీ దగ్గర గుర్తు పెట్టి వదిలేస్తారు.

నాలుగోది నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం. పుస్తకంలో చదివినది అక్కడికి వెళ్లాక కంటికి ఎదురుపడాలి. ఒక గోడ, ఒక బావి, ఒక పాట, ఏదో ఒకటి. అలా ఎదురుపడనిది ఎంత గొప్ప పుస్తకమైనా ఇంట్లో చదువుకోవచ్చు, ప్రయాణం కోసం చదవక్కర్లేదు.

## నీటి పుస్తకం: అనుపమ్ మిశ్ర

హిందీలో అనుపమ్ మిశ్ర రాసినవి రెండున్నాయి. 1993లో వచ్చిన 'ఆజ్ భీ ఖరే హైఁ తాలాబ్' దేశంలోని చెరువుల గురించి. 1995లో వచ్చిన 'రాజస్థాన్ కీ రజత్ బూఁదేఁ' ఎడారి నీటి గురించి. మొదటిదానికి ఆయన కాపీరైటే పెట్టుకోలేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. థార్‌కు వెళ్లేవారికి నేను చెప్పేది రెండోది. ఇంగ్లీషు అనువాదం కూడా ఉంది.

ఇందులో కుంయిల గురించి చెప్పిన భాగం ఒక్కటి చదివినా డబ్బులు గిట్టుబాటు. చురూ, బికానేర్, జైసల్మేర్, బాడ్‌మేర్ ప్రాంతాల్లో కొన్నిచోట్ల ఇసుక కింద సుద్దరాయి పొర ఒకటి ఉంటుంది. కురిసిన కాస్త వాన ఇసుకలోకి ఇంకి ఆ పొర మీద ఆగుతుంది. దాని కిందికి దిగితే భూగర్భంలో ఉన్న ఉప్పునీటిలో కలిసిపోయేది. ఆగింది కూడా నీరులా ఉండదు, ఇసుక రేణువుల మధ్య చెమ్మలా ఉంటుంది. ఆ చెమ్మను పట్టుకోవడానికి తవ్వే సన్నటి బావి కుంయి. వెడల్పు నాలుగైదు మూరలు, లోతు ముప్పై మూరల నుంచి అరవై దాకా. ఎందుకంత సన్నగా? వెడల్పు చేస్తే ఊరిన కాస్త నీరూ అడుగున పరుచుకుని తోడటానికి అందదు, పైగా ఆవిరైపోతుంది.

తవ్వే మనిషి లోపల కూర్చుని పొట్టి పిడి పనిముట్టుతో గీకుతాడు, పార ఆడించేంత చోటుండదు. లోతు పెరిగేకొద్దీ లోపల వేడి, ఊపిరాడదు. అప్పుడు పైనున్నవాళ్లు గుప్పిళ్లతో ఇసుక తీసుకుని లోపలికి విసురుగా కొడతారు. ఆ ఇసుకతోపాటు చల్లగాలి కిందికి దిగుతుంది, వేడిగాలి పైకి వస్తుంది. ఇసుక తలమీద పడకుండా లోపలి మనిషి ఒక లోహపు పాత్రను టోపీలా పెట్టుకుంటాడు. ఇంత కష్టపడి తవ్విన కుంయి రోజంతటికీ ఇచ్చేది రెండు మూడు కడవలు. సాయంత్రం పశువులు ఇంటికి మళ్లే వేళకు ఊరంతా అక్కడికి చేరి, మూతలు తీసి, తోడుకుని, మళ్లీ మూసేస్తారు.

డెల్టా పాఠకుడిని పట్టేసే సంగతి దీని తరువాత వస్తుంది. కుంయి ఎవరిది వారిదే, నీరూ వారిదే, కానీ నేల ఊరిది. కొత్తగా ఒకరు తవ్వితే అదే చెమ్మలో వాటా పడుతుంది కాబట్టి ఊరు ఒప్పుకోవాలి. దాళ్వాలో వంతులవారీ నీటి కోసం శివారు రైతు లాకుల దగ్గర పడే గొడవ చూసినవాళ్లకు ఈ పేజీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే ముందు మంచినీటి చెరువు నింపుకునే ఊళ్లవాళ్లకు, బోరు వేస్తే ఉప్పునీళ్లు పడే సముద్రపు ఒడ్డువాళ్లకు ఇంకా సులువు. జైసల్మేర్‌లో ఏడాది సగటు వాన ఇంచుమించు 200 మిల్లీమీటర్లు. మనకు వెయ్యి దాటుతుంది. అంకెల్లో అయిదింతల తేడా, కానీ నీటి చుట్టూ అల్లుకున్న కట్టుబాట్లలో మాత్రం అంత తేడా లేదు.

ఖడీన్ అనేది మరొకటి. రాతినేల వాలు మీద పడ్డ వాన కిందికి పారే చోట అడ్డంగా మట్టికట్ట వేస్తారు. నీరు నిలిచి ఇంకుతుంది. ఇంకాక ఆ పదును మీదే గోధుమలు, శనగలు వేస్తారు, మళ్లీ తడి పెట్టరు. వరి కోతల ముందు చేలో మినుము చల్లి ఆ పదునుతోనే పండించే మనకు ఇదేమీ వింత కాదు. జైసల్మేర్ ప్రాంతంలో పాలీవాల్ బ్రాహ్మణులు ఈ పద్ధతికి పేరుపడ్డారు. వాళ్లు వదిలి వెళ్లిన కుల్‌ధరా ఊరికి నేడు పర్యాటకులను దయ్యాల కథలు చెప్పి తీసుకెళతారు. దయ్యాల సంగతి నాకు తెలియదు, కట్టలు మాత్రం చూడదగ్గవి. పుస్తకం చదవకుండా వెళితే అక్కడ కనబడేవి కూలిన గోడలే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మిశ్ర పాతకాలాన్ని బాగా ప్రేమించారు, అతిగా కూడా. ఆ నీటి దగ్గరికి ఎవరిని రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు అన్న కులం సంగతి, కడవలు మోసిన ఆడవాళ్ల అలసట ఆయన పేజీల్లో పలచగా ఉంటాయి. పంజాబ్‌లోని హరికే దగ్గర మొదలై సుమారు 650 కిలోమీటర్లు పారే ఇందిరాగాంధీ కాలువ వచ్చాక థార్ రూపురేఖలే మారాయి. కొన్నిచోట్ల పంటలు పండాయి, కొన్నిచోట్ల ఊట నీరు నిలిచి నేల చవుడు తేలింది. ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యాన 1852 నుంచి కాలువ నీళ్లు తాగుతున్న మనవంటివాళ్లం ఆ కథ కూడా తెలుసుకుని వెళ్లాలి. ఒక్క మిశ్రను చదివి ఊరుకుంటే కాలువలన్నీ చెడ్డవన్న అభిప్రాయం కలగవచ్చు.

## కథలు: విజయ్‌దాన్ దేథా

నీటి గొడవ మాకెందుకు, కథలైతే చదువుతాం అనేవాళ్లకు దేథా. జోధ్‌పూర్ దగ్గర బోరుందా అనే ఊళ్లో 1926లో పుట్టారు, 2013లో పోయారు. అక్కడి జానపద కథలను సొంత వాక్యంతో తిరగరాసి 'బాతాఁ రీ ఫుల్వాడీ' పేరుతో 14 సంపుటాలు తెచ్చారు. 1974లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రాసింది రాజస్థానీలో, హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఎంపిక చేసిన కథలు దొరుకుతాయి.

'దువిధా' కథ చాలామందికి తెలియకుండానే తెలుసు. కొత్త పెళ్లికూతురిని అత్తింట దింపి, భర్త వ్యాపారానికి ఏళ్లతరబడి దూరదేశం వెళ్లిపోతాడు. ఆమెను చూసి మనసుపడ్డ దయ్యం భర్త రూపంలో ఆ ఇంటికి వస్తుంది. దీన్ని 1973లో మణి కౌల్, తరువాత 2005లో 'పహేలీ'గా అమోల్ పాలేకర్ హిందీ సినిమాలుగా తీశారు. కథలో దయ్యం అబద్ధమాడదు, ఆమెకు నిజం చెప్పేస్తుంది. ఎంచుకోవలసింది ఆమె.

ఇది చదివి జైసల్మేర్ హవేలీల (వ్యాపారుల పాత భవంతుల) ముందు నిలబడితే ఆ చెక్కడాల వెనక ఉన్న డబ్బు ఎక్కడిదో తెలుస్తుంది. దూరప్రాంతాల వ్యాపారం అది. మగవాళ్లు సంపాదించి పంపారు, ఇంత సున్నితమైన జాలీ కిటికీల వెనక ఆడవాళ్లు ఎదురుచూశారు. మన పల్లెల్లో ఆ బొమ్మ తిరగబడింది. కువైట్‌కో మస్కట్‌కో వెళ్లింది ఇల్లాలు, పిల్లల్ని పెట్టుకుని ఎదురుచూసేది ఇంటాయన. పంపిన డబ్బుతో లేచిన డాబాలు రాజోలు నుంచి నరసాపురం దాకా కనబడుతూనే ఉంటాయి. అందుకే కోనసీమ పాఠకులకు దేథా కథలు పరాయివిగా తోచవు.

తేలిపోయే చోటు ఒకటుంది. ఊళ్లు, గుళ్లు, మనుషులు చక్కగా అర్థమవుతారు గాని ఎడారి నేల గురించి ఈ కథలు నేరుగా చెప్పేది తక్కువ. జైసల్మేర్ దగ్గరి సమ్ ఇసుకదిబ్బల మీద నిలబడ్డప్పుడు దేథా పెద్దగా సాయపడడు. రాత్రి విడిదిలో మాంగణియార్లనే గాయకులు పాడుతున్నప్పుడు సాయపడతాడు. వాళ్లు ముస్లింలు, తరతరాలుగా హిందూ యజమానుల ఇళ్లలో పెళ్లికీ పురిటికీ పాడుతున్నవాళ్లు. ఆ పాటలను, వాయిద్యాలను సేకరించిన కోమల్ కొఠారీ దేథాకు సహచరుడు. ఇద్దరూ కలిసి 1960లో బోరుందాలో రూపాయన్ సంస్థాన్ పెట్టారు. ఆ సంగతి తెలిసి వింటే అది హోటలువాళ్లు ఏర్పాటు చేసిన వినోదంలా అనిపించదు.

## పిల్లలతో వెళితే: సత్యజిత్ రాయ్

'సోనార్ కెల్లా' బెంగాలీలో 1971లో వచ్చింది. పూర్వజన్మ గుర్తొస్తున్నదని చెప్పి బంగారు కోట బొమ్మలు గీసే ముకుల్ అనే పిల్లవాడు, నిధి ఉందనుకుని వాడి వెంటపడే దుర్మార్గులు, వాళ్ల వెంట ఫెలూదా అనే డిటెక్టివ్. కథ కలకత్తాలో మొదలై జోధ్‌పూర్ మీదుగా జైసల్మేర్ చేరుతుంది. ఇంగ్లీషు అనువాదం సులువుగా ఉంటుంది, ఎనిమిదో తరగతి పిల్లలు చదవగలరు. పెద్దలు పైకి చదివి వినిపిస్తే ఇంకా చిన్నవాళ్లూ వింటారు. 1974లో రాయే సినిమా తీశారు, కానీ ముందు పుస్తకమే చదివించండి. కోట ఎలా ఉంటుందో వాళ్లే ఊహించుకుని వెళ్లి చూడటంలో ఉన్న సరదా సినిమా చూస్తే పోతుంది.

కోట నిజంగానే పసుపు ఇసుకరాయిది. 1156లో రావల్ జైసల్ కట్టించడం మొదలుపెట్టాడని చెబుతారు. ఇప్పటికీ లోపల జనం కాపురముంటున్నారు. నీరు తక్కువ వాడే కాలానికి కట్టిన కోట అది. కొళాయిలు, హోటళ్ల స్నానాల గదులు వచ్చాక వాడిన నీరు పునాదుల్లోకి ఇంకి బురుజులు దెబ్బతిన్నాయి. ఎడారిలో కోటకు నీటి వల్లే ముప్పు వచ్చిందంటే పిల్లలు ఆశ్చర్యపోతారు. ఇది ఫెలూదా కథలో లేదు, మీరు చెప్పాలి.

## చరిత్ర పుస్తకాలు

జేమ్స్ టాడ్ రాజస్థాన్ చరిత్ర 1829, 1832లలో రెండు సంపుటాలుగా వచ్చింది. కంపెనీ ఉద్యోగిగా అక్కడ ఉండి, చారణులు, భాటులు చెప్పిన గాథలు విని రాశాడు. రాజపుత్ర వీరత్వం గురించి ఇవాళ చలామణిలో ఉన్న ఎన్నో కథలకు ఈ పుస్తకమే దారి వేసింది. చదివితే కోటలో గైడు చెప్పే మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో పోల్చుకోవచ్చు. కానీ ఇది లావుపాటి పుస్తకం, పాత ఇంగ్లీషు, పైగా గాథకూ చరిత్రకూ మధ్య గీత గీయదు. యుద్ధాలంటే ఇష్టమున్న రిటైరైన మాస్టార్లకు తప్ప, సెలవు దొరికిందని నాలుగు రోజులు వెళ్లేవాళ్లకు నేను చెప్పను. వచ్చాక తీరిగ్గా చదువుకోవచ్చు.

## గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు

అక్కనో చెల్లినో చూడటానికి దుబాయ్‌కో మస్కట్‌కో వెళ్లి, ఒకరోజు ఎడారి సఫారీ చేసొచ్చేవాళ్లు డెల్టాలో తక్కువేమీ కాదు. వీళ్లకు నిజమైన పోటీ మూడు పుస్తకాల మధ్య.

విల్‌ఫ్రెడ్ థెసిజర్ 'అరేబియన్ శాండ్స్' 1959లో వచ్చింది. 1946 తరువాతి కొన్నేళ్లలో బెదూయిన్ల (ఎడారిలో సంచరించే అరబ్బుల) వెంట ఒంటెల మీద రుబ్ అల్ ఖాలీని రెండుసార్లు దాటిన ఇంగ్లీషువాడి పుస్తకం. ఒక తోలు సంచీలో మిగిలిన నీటిని ఎంతమంది ఎలా పంచుకున్నారు, దారిలో అతిథి ఎదురైతే ఆకలితో ఉండి కూడా ఉన్నదంతా ఎలా పెట్టేశారు అన్న చోట్ల పేజీలు అతుక్కుపోతాయి. చమురు డబ్బు రాకముందటి అబూధాబీ ఇందులో ఉంది. లోపం కూడా అక్కడే. కారు వచ్చాక, బడి వచ్చాక ఎడారి చెడిపోయిందని అతని బాధ. బడి వద్దనే హక్కు బయటినుంచి వచ్చినవాడికి ఎవరిచ్చారని అడగాలనిపిస్తుంది.

అబ్దుల్ రహమాన్ మునీఫ్ నవల 'సిటీస్ ఆఫ్ సాల్ట్' అదే కాలాన్ని అరబ్బుల వైపు నుంచి చెబుతుంది. అరబ్బీలో 1984లో వచ్చింది. వాదీ అల్ ఉయూన్ అనే ఒయాసిస్సు ఊరికి అమెరికన్ చమురు కంపెనీ వస్తుంది. తాటిచెట్లలా నిలబడ్డ ఖర్జూరాలను యంత్రాలతో పెకలించే ఘట్టం చదివితే కొబ్బరితోట ఉన్నవాడికి కడుపులో దేవినట్టవుతుంది. సౌదీలో నిషేధించారు. ఒకే నాయకుడంటూ లేకుండా ఊరంతా కథానాయకుడైన నవల. ఆరువందల పేజీలు దాటుతుంది, ఓపిక కావాలి.

మూడోది బెన్యామిన్ 'ఆడుజీవితం'. మలయాళంలో 2008లో వచ్చింది, తెలుగులోనూ ఉంది, 2024లో సినిమా వచ్చింది. ఉద్యోగమని వెళ్లి సౌదీ ఎడారిలో మేకల మందల మధ్య బందీ అయిన నజీబ్ కథ. చిన్నది, రెండు రాత్రుల్లో అయిపోతుంది, భాష అడ్డు లేదు. కానీ విహారయాత్రకు ముందు చదవాలా అన్నది ఆలోచించుకోవాలి. ఇంట్లోవాళ్లెవరైనా అక్కడ పనిలో ఉంటే, వాళ్లు ఫోనులో చెప్పనివి ఇందులో కనబడి మనసు కలతపడుతుంది. అయినా చదవమనే అంటాను, సఫారీ జీపులో కూర్చున్నప్పుడు ఆ ఇసుకలో పనిచేసేవాళ్లు కూడా ఉంటారని తెలిసి ఉండటం మంచిదే. పెద్దవయసు అమ్మానాన్నలు కూతుర్ని చూడటానికి మొదటిసారి వెళుతుంటే మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి.

చిన్న ఇంగ్లీషు పుస్తకం కావాలంటే లిబియాకు చెందిన ఇబ్రహీం అల్ కోనీ నవల 'ద బ్లీడింగ్ ఆఫ్ ద స్టోన్' ఉంది. సహారాలో ఒంటరిగా మేకలు కాసే అసూఫ్, కొండగొర్రె, రాళ్లమీది పురాతన చిత్రాలు, మాంసం కోసం వచ్చిన వేటగాళ్లు. గల్ఫ్ కాదు గాని, ఎడారిలో పుట్టినవాడి చూపు ఎలా ఉంటుందో ఇంత తక్కువ పేజీల్లో చెప్పినది నేను వేరే చూడలేదు.

## మిగిలినవి, క్లుప్తంగా

సెయింట్ ఎక్జూపెరీ 'విండ్, శాండ్ అండ్ స్టార్స్' 1939 నాటిది. 1935 డిసెంబరు చివర విమానం ఈజిప్టు వైపు ఎడారిలో కూలి, నీళ్లు లేక నడిచి నడిచి, ఒక బెదూయిన్ చేతిలో బతికిన భాగం అద్భుతం. కానీ అది చావు అంచున ఉన్నవాడి ఎడారి. జీపులో వెళ్లి టీ తాగొచ్చేవాళ్లకు ఎదురయ్యేది అది కాదు.

ఒంటరిగా తిరగాలనుకునే ఆడవాళ్లకు రాబిన్ డేవిడ్‌సన్. 1977లో నాలుగు ఒంటెలు, ఒక కుక్కతో ఆస్ట్రేలియా ఎడారి దాటి రాసిన 'ట్రాక్స్' పేరు అందరూ చెబుతారు. మనకు పనికొచ్చేది 1996 నాటి 'డెజర్ట్ ప్లేసెస్'. రాజస్థాన్, గుజరాత్ రబారీ పశుపాలకులతో కలిసి నడిచిన పుస్తకం. జబ్బులు, విసుగు, గుంపులుగా మూగే జనం, అన్నీ దాచకుండా రాసింది. ఎడారి అందంగానే ఉంటుందనుకునేవాళ్లకు విరుగుడు.

పావులో కొయిలో 'ఆల్కెమిస్ట్' సంగతి. ఎడారి యాత్ర అనగానే స్నేహితులు ముందు చెప్పేది ఇదే, తెలుగులోనూ దొరుకుతుంది. స్పెయిన్ గొర్రెలకాపరి సహారా దాటి పిరమిడ్ల దాకా వెళతాడు. మనిషి తన కలను వెంబడించడం మీద ఇష్టముంటే చదవండి. ఎడారి గురించి తెలుసుకోవాలంటే మాత్రం నా నాలుగో కొలబద్దకు ఇది నిలబడదు.

ఇసుకదిబ్బ ఎందుకలా వంపు తిరుగుతుంది, కొన్నిచోట్ల ఇసుక ఎందుకు మోగుతుంది అని అడిగే ఇంజినీరింగ్ బుర్రలకు బాగ్నోల్డ్ 1941లో రాసిన శాస్త్ర గ్రంథం ఉంది. లెక్కలు రానివాళ్లు దాని జోలికి పోవద్దు.

లద్దాఖ్‌కు ఇవేవీ పనికిరావు. అక్కడ నీరు మంచు కరిగి వస్తుంది, ఊరి కాలువల్లో వంతులవారీగా వదిలే పని చుర్పోన్ అనే మనిషిది. మన కాలువల మీద లస్కర్లు చేసే పనే. జానెట్ రిజ్వీ 1983 నాటి 'లద్దాఖ్: క్రాస్‌రోడ్స్ ఆఫ్ హై ఏషియా' ఆ నేల చరిత్రకు మంచి మొదలు.

గైడు పుస్తకం కొనాలా? బస్సులు, వేళలు, గదుల సంగతి ఫోనులో తాజాగా దొరుకుతుంది. ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. థార్‌కు అక్టోబరు నుంచి మార్చి వరకే వెళ్లాలి, జనవరి రాత్రులు గడగడ వణికిస్తాయి. మన దగ్గర సంక్రాంతి చలికి వాడే శాలువ అక్కడ చాలదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పుస్తకం | ఏ ఎడారి | చదవగల భాష | పట్టే సమయం | ఎవరికి కుదరదు |
|---|---|---|---|---|
| మిశ్ర, రజత్ బూఁదేఁ | థార్ | హిందీ, ఇంగ్లీషు | మూడు నాలుగు సాయంత్రాలు | కథ లేనిదే చదవలేనివాళ్లకు |
| దేథా కథలు | థార్ | హిందీ, ఇంగ్లీషు | రోజుకో కథ | నేల, ఇసుక గురించి కావాలనేవాళ్లకు |
| రాయ్, సోనార్ కెల్లా | థార్ | బెంగాలీ, ఇంగ్లీషు | ఒక ఆదివారం | లోతు కోరేవాళ్లకు |
| టాడ్ | థార్ | ఇంగ్లీషు | నెలకు పైగా | తొందరున్నవాళ్లందరికీ |
| థెసిజర్ | అరేబియా | ఇంగ్లీషు | రెండు వారాలు | దొరల చూపు గిట్టనివాళ్లకు |
| మునీఫ్ | అరేబియా | ఇంగ్లీషు | నెల | ఓపిక లేనివాళ్లకు |
| బెన్యామిన్ | అరేబియా | తెలుగు, ఇంగ్లీషు | రెండు రాత్రులు | అయినవాళ్లు అక్కడ పనిలో ఉన్న పెద్దలకు |
| అల్ కోనీ | సహారా | ఇంగ్లీషు | రెండు సాయంత్రాలు | సూటి కథ కావాలనేవాళ్లకు |

## ఎవరికి ఏది

వ్యవసాయం తెలిసినవాళ్లు, నీటి సంఘాల్లో తిరిగినవాళ్లు రెండో ఆలోచన లేకుండా మిశ్రను తీసుకోండి. హిందీ రాకపోతే ఇంగ్లీషు, అదీ కష్టమైతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించుకుని వినండి. అందులోని లెక్కలు మూరల్లో, కడవల్లో ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లే పిల్లలకు విడమరచి చెప్పాల్సి వస్తుంది.

కుటుంబమంతా వెళుతుంటే ఒకే పుస్తకం అందరి మీదా రుద్దవద్దు. పిల్లలకు రాయ్, అమ్మకు దేథా, నాన్నకు మిశ్ర పంచి, రైల్లో ఎవరు చదివింది వాళ్లు చెప్పుకుంటే మూడూ అయిపోతాయి. కొత్తగా పెళ్లయిన జంటకు దేథా ఇస్తే దయ్యం వైపు ఎవరు, భర్త వైపు ఎవరు అని వాదులాట రావచ్చు. వస్తే మంచిదే.

ఫోటోల కోసం వెళ్లేవాళ్లకు అల్ కోనీ. రాయినీ నీడనూ ఎంతసేపు చూడవచ్చో నేర్పుతాడు. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లలో వయసులో ఉన్నవాళ్లు బెన్యామిన్‌తో మొదలుపెట్టి, వచ్చాక మునీఫ్‌ను పట్టుకోవచ్చు. అరేబియాకు థెసిజర్ ఒక్కడినే చదివి వెళ్లడం మాత్రం నాకు నచ్చదు. అతని చేతిలో బెదూయిన్లు మరీ గొప్పవాళ్లు, నగరాల్లో ఉండే అరబ్బులు మరీ చిన్నవాళ్లు అయిపోతారు.

పుస్తకం కొనే ముందు రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనో మీ ఊరి శాఖా గ్రంథాలయంలోనో ఒకసారి అడిగి చూడండి. లావు పుస్తకాలను ఫోనులోనో ఈ-రీడర్‌లోనో పెట్టుకోవడం నయం, దిబ్బల మీద ఇసుక ప్రతి పేజీ మధ్యకూ చేరుతుంది. నెల ముందు మొదలుపెడితే తొందర ఉండదు.

ఇప్పటికే టికెట్లు చేతికొచ్చి, వారం కూడా లేదనేవాళ్లకు ఒక ఉపాయం. మిశ్ర పుస్తకంలోని కుంయి భాగాన్ని ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి హిందీ ఉపవాచకం 'వితాన్'లో పాఠంగా పెట్టింది. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కొద్ది పేజీలే. హిందీ చదవడం మరిచిపోయినవాళ్లు కూడా కూడబలుక్కుని రైల్లో ఒక పూటలో పూర్తిచేయవచ్చు.